రక్తస్రావం భయం ఉన్నా.. గడ్డను వదిలేయకూడదు!

‘‘రక్తం పోయిందని ఆసుపత్రికి తీసుకొచ్చాం. మళ్లీ రక్తం పల్చబడే మందే ఇస్తారా సార్?’’

అరవై దాటిన ఓ పెద్దావిడ కొడుకు మా వార్డులో అడిగిన ప్రశ్న ఇది. మోకాళ్ల నొప్పులకని ఆమె నెలల తరబడి మందుల షాపులో మాత్రలు కొని వేసుకున్నారు. కడుపులో పుండు పడి, నల్లగా విరేచనాలయ్యాయి. ఎండోస్కోపీతో రక్తస్రావం ఆపాం. వారం పాటు మంచం దిగలేదు. అంతలో ఎడమ కాలు తొడ దాకా వాచింది. డాప్లర్ పరీక్షలో తొడ సిరలో రక్తపు గడ్డ కనిపించింది.

ఆ అబ్బాయి భయం న్యాయమైనదే. అయితే గడ్డను వదిలేస్తే అందులో ముక్క విడిపోయి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇరుక్కోవచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. మొదటి కొన్ని వారాల్లోనే ఈ ముప్పు ఎక్కువ.

ఏ మందు? ఎలా?

నిజానికి ఈ మందులు రక్తాన్ని నీళ్లలా చేయవు. గడ్డ పెరగకుండా ఆపుతాయి. కరిగించే పని మెల్లగా శరీరమే చేసుకుంటుంది. రక్తస్రావం ముప్పు ఉన్నవారికి ముందుగా హెపారిన్‌ను సెలైన్ ద్వారా ఇస్తాం. ఆపితే కొన్ని గంటల్లోనే దాని ప్రభావం పోతుంది. విరుగుడుగా ప్రొటమిన్ ఇంజెక్షన్ ఉంది. కిడ్నీల పనితీరు, ప్లేట్‌లెట్ల సంఖ్య చూసి మందు, మోతాదు నిర్ణయిస్తాం. రక్తస్రావం ఆగకుండా అవుతూ, మందు అసలే ఇవ్వలేకపోతే పొట్టలోని పెద్ద సిరలో తాత్కాలికంగా ఫిల్టర్ అమర్చుతారు. మందు మొదలుపెట్టగలిగాక దాన్ని తీసేయాలి.

ముప్పు తగ్గించుకోవచ్చు

* డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వాడొద్దు. నాటు మందులు వాడుతుంటే డాక్టర్‌కు చెప్పాలి.
* బీపీ అదుపులో ఉండాలి. మద్యం మానేయాలి.
* వార్ఫరిన్ వాడేవారు ఐఎన్‌ఆర్ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. చాలామందికి అది 2-3 మధ్య ఉండాలి. ఆకుకూరలు మానక్కర్లేదు. రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు.
* నల్లటి విరేచనం, రక్తపు వాంతి, తీవ్రమైన తలనొప్పి, తలకు దెబ్బ.. వీటిలో ఏది జరిగినా వెంటనే ఆసుపత్రికి రావాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలి.

చిగుళ్ల నుంచి కాస్త రక్తం కనిపించగానే మందు మానేసి, వాచిన కాలితో తిరిగొచ్చేవారిని తరచూ చూస్తుంటాం. మందు ఆపాలా, మార్చాలా అన్నది డాక్టర్‌ను అడిగే తేల్చుకోండి.

ఆ పెద్దావిడకు హెపారిన్‌తో మొదలుపెట్టి, రెండు రోజులు గమనించి, మాత్రలకు మార్చాం. పుండు మానడానికి పాంటాప్రజోల్ ఇచ్చాం. మంచాన పడటం వల్ల వచ్చిన గడ్డ కాబట్టి 3 నెలల తర్వాత మాత్రలు ఆపేశాం. మళ్లీ రక్తస్రావం కాలేదు. ఇప్పుడు మోకాళ్ల నొప్పికి పారాసిటమాల్, వ్యాయామాలతో సరిపెట్టుకుంటున్నారు. షాపు మాత్రల జోలికి పోకుండా చూసుకునే బాధ్యత కొడుకుదే.