పాదరసాన్ని లోపలికి రానిచ్చే బ్యాక్టీరియా

"పాదరసాన్ని విరిచేసే బ్యాక్టీరియా మినమాటా బురదలోనే ఉందట. మరి అక్కడి సముద్రాన్ని అదే శుభ్రం చేయలేదేం?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే వదిలిపెట్టబుద్ధి కాదు.

ముందు కథ క్లుప్తంగా. జపాన్‌లోని మినమాటాలో చిస్సో కర్మాగారం 1932 నుంచి 1968 దాకా అసిటాల్డిహైడ్ తయారుచేస్తూ, పాదరసం కలిసిన మురుగును సముద్రంలోకి వదిలింది. అందులోని మిథైల్ పాదరసం చేపల్లోకీ, గుల్లల్లోకీ చేరి, వాటిని తిన్నవారి నరాలను దెబ్బతీసింది. 1956లో ఆ వ్యాధిని అధికారికంగా గుర్తించారు. మినమాటా అఖాతం అడుగుబురదలో దొరికిన ఆ బ్యాక్టీరియా పేరు బాసిల్లస్ మెగాటీరియం ఎంబీ1.

పాదరసం విషం కావడానికి కారణం గంధకంపై దానికున్న మోజు. ప్రోటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లంలో గంధకం ఉంటుంది. పాదరసం దాన్ని పట్టుకుందంటే ఆ ప్రోటీన్ పని అయిపోయినట్టే. కాడ్మియం లోపలికి వస్తే చాలా బ్యాక్టీరియాలు బయటికి తోసేస్తాయి. పాదరసాన్నీ అలాగే తరిమేస్తాయని ఎవరైనా అనుకుంటారు. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం: ఈ బ్యాక్టీరియా పాదరసాన్ని పనిగట్టుకుని లోపలికి తెచ్చుకుంటుంది!

ఎందుకంటే, విషాన్ని విరిచే ఎంజైమ్ మెర్‌ఎ, దానికి ఎలక్ట్రాన్లు అందించే ఎన్‌ఏడీపీహెచ్ అణువులు కణం లోపలే ఉన్నాయి. ఈ-కోలై వంటి, రెండు పొరలున్న బ్యాక్టీరియాలో ఈ దారి బాగా తెలిసింది. బయటి పొర దాటిన పాదరస అయాన్‌ను మెర్‌పి అనే చిన్న ప్రోటీన్ తన రెండు సిస్టీన్లతో పట్టుకుంటుంది. లోపలి పొరలో ఉన్న మెర్‌టికి అప్పగిస్తుంది. మెర్‌టి మెర్‌ఎకి ఇస్తుంది. మెర్‌ఎలో కూడా ఒక సిస్టీన్ జంట నుంచి ఇంకో జంటకు మారుతూనే అసలు చోటికి చేరుతుంది. నిప్పు కణికను ఒక పట్టకారు నుంచి ఇంకో పట్టకారుకు అందించినట్టు, దారి పొడవునా పాదరసం గంధకం పట్టులోనే ఉంటుంది. చివర రెండు ఎలక్ట్రాన్లు అందుకుని మామూలు లోహ పాదరసంగా మారి, ఆవిరై బయటికి పోతుంది. మిథైల్ పాదరసమైతే మెర్‌బి అనే మరో ఎంజైమ్ ముందుగా కార్బన్ బంధాన్ని తెంచుతుంది.

కాపలాదారు ఇంకా గొప్పవాడు. ఈ ప్రోటీన్లను తయారుచేయించే జన్యువుల ముందు డీఎన్‌ఏ మీద రెండు గుర్తుల మధ్య మామూలుగా 17 అక్షరాలుండాల్సిన చోట 19 ఉంటాయి. అందుకే జన్యువులు నిద్రపోతుంటాయి. అక్కడే కూర్చున్న మెర్‌ఆర్ ప్రోటీన్‌కు ఒక్క పాదరస అయాన్ తగిలితే చాలు, మూడు సిస్టీన్లతో దాన్ని బిగించి, డీఎన్‌ఏ మెలికను కాస్త విప్పి, ఆ రెండు గుర్తులనూ సరైన వరుసకు తెస్తుంది. వెంటనే జన్యువులు మేలుకుంటాయి.

కర్మాగారాల కాలుష్యం వల్లే ఈ విద్య పుట్టిందనుకుంటే పొరపాటు. సైబీరియాలో వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలోని బ్యాక్టీరియాల్లోనూ ఈ జన్యువులు దొరికాయి. అగ్నిపర్వతాలు పాదరసాన్ని ఎప్పటినుంచో కక్కుతూనే ఉన్నాయి మరి. పైగా ఇవి ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే జన్యువులు. అమెరికాలోని బోస్టన్ రేవు బురదలో దొరికిన బాసిల్లస్‌లోనూ, మినమాటా బాసిల్లస్‌లోనూ ఈ జన్యువుల గుంపు దాదాపు పొల్లు పోకుండా ఒకటే!

ఇక పాఠకుడి ప్రశ్న. బురదలో చాలా పాదరసం సల్ఫైడ్‌గా గట్టిపడి, బ్యాక్టీరియాకు అందకుండా ఉంటుంది. అదే బురదలో ఆక్సిజన్ లేనిచోట, సల్ఫేట్‌తో బతికే వేరే బ్యాక్టీరియాలు పాదరసాన్ని మళ్లీ మిథైల్ పాదరసంగా మారుస్తాయి. ఆవిరైపోయింది కూడా మాయం కాదు, గాలిలో తిరిగి వానతో దిగుతుంది. మూసిన తొట్టెలో, ఆవిరిని పోనీకుండా లోహాన్ని పట్టి ఉంచితేనే ఈ బ్యాక్టీరియాతో మనకు ప్రయోజనం. జర్మనీలో కర్మాగారపు మురుగునీటికి అలాగే వాడి చూశారు. సముద్రంలో వదిలేసి చేతులు దులుపుకుందామంటే కుదరదు. మినమాటాలో 1977 నుంచి 1990 వరకు యంత్రాలతో బురద తోడి, అఖాతంలో కొంత భాగాన్ని పూడ్చి, 58 హెక్టార్ల కొత్త నేల కింద దాన్ని కప్పెట్టాల్సి వచ్చింది.