అండమాన్ పక్కన 200 కిలోమీటర్ల సుడి

అండమాన్ నికోబార్ దీవులకు పడమట, బంగాళాఖాతంలో తిరిగే ఒక మోస్తరు సుడి అడ్డకొలత 200 కిలోమీటర్లు. లిటిల్ అండమాన్‌కూ కార్ నికోబార్‌కూ మధ్యనున్న టెన్ డిగ్రీ చానెల్ వెడల్పు దాదాపు 150 కిలోమీటర్లే.

సుడి అనగానే పడవల్ని మింగే గుండం గుర్తొస్తుంది. ఇది అది కాదు. దీన్ని ఇంగ్లిష్‌లో ఎడ్డీ అంటారు. ఆ మాట 15వ శతాబ్దపు స్కాట్లాండ్ రాతల్లో కనిపిస్తుంది. పాత నార్స్ భాష నుంచి వచ్చి ఉంటుందని, దానికి చుట్టమైన పాత ఇంగ్లిష్ ‘ఎడ్’ అంటే ‘మళ్లీ, వెనక్కి’ అని పండితులు చెబుతారు.

అంచున నీరు సెకనుకు అర మీటరు కదులుతోందనుకుందాం. రోజుకు 43 కిలోమీటర్లు. చుట్టుకొలత 628 కిలోమీటర్లు కాబట్టి ఒక్క చుట్టుకే రెండు వారాలు పైన పడుతుంది. నడిమధ్య నీటిమట్టం చుట్టుపక్కల కంటే జానెడు ఎక్కువో తక్కువో ఉంటుంది, అంతే. వంద కిలోమీటర్ల దూరంలో జానెడు తేడా! బోటులో ఉన్నవాళ్లకు అది ఎలా తెలుస్తుంది? 1992లో ఎగిరిన టోపెక్స్-పొసైడన్ ఉపగ్రహం 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి సముద్రమట్టాన్ని సెంటీమీటర్లలో కొలిచాకే ఈ సుడుల తీరు స్పష్టమైంది.

పుట్టుక వెనుక గాలి ఉంది. ఏటా రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోనూ అక్టోబర్-నవంబర్‌లోనూ, భూమధ్యరేఖ దగ్గర పడమటి గాలులు నీటిని సుమత్రా వైపు తోస్తాయి. ఆ ఉబ్బు తీరం వెంట ఉత్తరానికి మళ్లి, దీవుల వరుసను ఒరుసుకుంటూ పోయేటప్పుడు కొంత నీరు విడిపోయి సుడి తిరుగుతుంది.

మన అర్ధగోళంలో ఎడమకు, అంటే గడియారానికి ఎదురుగా తిరిగే సుడి అడుగునున్న చల్లని నీటిని, పోషకాల్ని పైకి లాగుతుంది. నాచు పెరుగుతుంది, దాని వెంట చేపలొస్తాయి. కుడికి తిరిగేది వెచ్చని నీటిని లోతుగా పేరుస్తుంది. దాని మీదుగా వచ్చే తుపానుకు అదే బలం.

సుడి వెంట వచ్చే చేపలు మనవాళ్లకూ కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి చేపల వేట మీద బతికేవాళ్లు వాళ్లలో చాలామంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూపే నీటి వేడిమిని, నాచు పచ్చదనాన్ని చదివి, రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతున్న నీటిలో చేపలు దొరకవచ్చో చెబుతుంది. మబ్బులు కమ్మితే ఆ సూచన రాదు. వచ్చిన రోజున మాత్రం, డీజిల్ పోసే ముందే చూసుకోండి.