ముఖముపై మానని మొటిమలు: వైద్యునికి చూపవలసిన వేళ

యౌవనమున మొటిమలు వచ్చును, పెండ్లినాటికి అవే పోవును అని మన పల్లెలలో ఒక నమ్మకము కలదు. ఇది చాలవరకు నిజమే. కాని కొందరికి 25, 30 ఏండ్లు దాటినను అవి తగ్గవు. మరికొందరికి ఆ వయస్సుననే మొదలగును. వీరిలో స్త్రీలే హెచ్చు. ఇట్టివారు నలుగురిలోనికి వచ్చుటకు జంకుదురు. శుభకార్యములకు పోవుట మానుదురు. కనుక దీనిని కేవలము అందచందముల విషయముగా త్రోసివేయరాదు.

మొటిమ ఎట్లు పుట్టును?

చర్మములో వెండ్రుకల మొదళ్లవద్ద చమురు నిచ్చు గ్రంథులు కలవు. ఆ చమురు ఎక్కువై, మృతకణములతో కలిసి రంధ్రమును మూసివేయగా, అచ్చట సూక్ష్మజీవులు పెరిగి వాపు, చీము కలుగును. ఇది మురికివలన వచ్చునది కాదు. ఒకరినుండి మరియొకరికి అంటునదియు కాదు. స్త్రీలకు మొటిమలతోపాటు నెలసరి తప్పుట, గడ్డముపై వెండ్రుకలు మొలచుట కూడ ఉన్నచో, హార్మోనుల తేడా ఉండవచ్చును. దానికి వేరుగా పరీక్ష అవసరము.

మొటిమలవలె కనిపించు వ్యాధులు

రోజేషియా అను వ్యాధిలో బుగ్గలు, ముక్కు ఎఱ్ఱబడి మండును; చిన్న పొక్కులు లేచును. ఎండ, పొయ్యిసెగ, వేడి పానీయములు, కారము, మద్యము దీనిని హెచ్చించును. కొందరికి కన్నులును మండును. చామనచాయ మేనిపై ఎఱుపు స్పష్టముగా కానరాదు గనుక దీనిని పోల్చుట కష్టము. ముఖముపై, చెవి తమ్మెలపై నొప్పిలేని బుడిపెలు లేచినచో అది కుష్ఠువ్యాధియు కావచ్చును. దానికి ప్రభుత్వము ఉచితముగా మందు లిచ్చుచున్నది. ఇన్నిటిని వేరుచేసి చెప్పుట మందుల దుకాణము వారి వలన కాదు.

చేతులార తెచ్చుకొను కీడు

బెటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ వంటి స్టెరాయిడ్ లేపనములను రంగు తేలుటకును, మొటిమలు పోవుటకును కొందరు తమంతట తామే పూసికొనుచున్నారు. మొదటి దినములలో ముఖము నునుపెక్కును. పిమ్మట చర్మము పలుచబడి రక్తనాళములు బయటపడును, మొటిమలు హెచ్చును, పూత మానగానే ముఖము ఎఱ్ఱబడి మండును. ఆ మంటకు తాళలేక మరల అదే పూయుదురు. ఈ కీడును గుర్తించి కేంద్రప్రభుత్వము 2018 మార్చిలో 14 స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందులలో చేర్చినది. ఇదివరకే చాలకాలము వాడుచున్నవారు వైద్యుని సలహాతోనే మానవలెను.

చికిత్స

మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ వంటి పూతలు, అవసరమును బట్టి మాత్రలు ఇత్తురు. రోజేషియాకు మందులు వేరు. గుణము కనిపించుటకు రెండు, మూడు నెలలు పట్టును. వారము దినములకే నిరాశపడి మానరాదు. తీవ్రమైన మొటిమలకు ఇచ్చు ఐసోట్రెటినోయిన్ గర్భస్థశిశువునకు మహాపాయకరము. దానిని వాడుచున్నంతకాలమును, మానిన పిమ్మట ఒక నెలవరకును గర్భము ధరింపరాదు. కావున వైద్యుని పర్యవేక్షణ లేనిదే దానిని ముట్టరాదు.

ఎప్పుడు, ఎచ్చటికి?

గుంటలు, మచ్చలు పడుచున్నను, లోతైన గడ్డలు నొప్పిపెట్టుచున్నను, మూడు నెలల మందుకు లొంగకున్నను, కన్నులు ఎఱ్ఱబడినను చర్మవ్యాధుల నిపుణునికి చూపవలెను. ముందుగా ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని కలిసినచో ఆయన దారి చూపును. విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రి, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగములు కలవు. దూరప్రయాణము కష్టమైనవారు ఇ-సంజీవని ద్వారా వైద్యునితో మాటాడవచ్చును. వాడిన మందుల ట్యూబులన్నియు వెంట తీసికొనిపోవుట మరువరాదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

గ్రామసభలో ఈ విషయమును ఒక్కమారు ప్రస్తావింపుడు. ఆశా కార్యకర్తలచే ఇంటింటికి చెప్పింపుడు. చీటీ లేక స్టెరాయిడ్ లేపనము లమ్ము దుకాణములున్నచో ఔషధ తనిఖీ అధికారికి తెలుపుడు. మొటిమలున్న యువతిని హేళన చేయువారిని మందలింపుడు. పది రూపాయల పూతకు ఆశపడి ముఖమును చెడగొట్టుకొనుటకన్న, ఒక దినపు కూలి పోయినను నిపుణుని చూచుటయే లాభమని ప్రజలు గ్రహించునట్లు చేయుట మీ చేతిలో ఉన్నది.