అక్క ఊరి గవర్నరు, మన ఊరి సర్పంచి

సంక్రాంతి సెలవులకి చల్లపల్లి వెళ్ళినప్పుడు జరిగిన సంగతి ఇది. భోగి రోజు రాత్రి అమెరికా నుంచి అక్క వీడియో కాల్ చేసింది. మా పెద్దమ్మ కూతురు. 2017లో ఎంఎస్ చదవడానికి వెళ్ళి, ఇప్పుడు మేరీలాండ్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తోంది. అరిసెలు, ముగ్గులు, పిల్ల స్కూలు కబుర్లు అయిపోయాక "ఈ ఏడాది మా గవర్నర్ ఎలక్షన్ కూడా ఉంది తాతయ్యా" అంది.

తాతయ్య ఫోను కొంచెం దగ్గరికి జరుపుకున్నారు. "గవర్నరుకి ఎలక్షనేంటమ్మా? గవర్నర్ని ఢిల్లీ నుంచి పంపిస్తారు కదా!"

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. కానీ "అయితే చెప్పరా ఇంజినీరూ, తేడా ఏంటో" అని తాతయ్య నా వైపు తిరిగేసరికి నాకు రెండు ముక్కలకి మించి రాలేదు. ఆ రెండు ముక్కల్లో ఒకటి తప్పు కూడా. సెలవులన్నీ దాని మీదే చదివాను. తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. మన క్లాసుల్లో సగంమందిమి ఎంఎస్ అంటూ తిరుగుతున్నాం కాబట్టి, ఇది తాతయ్యకే కాదు, మనకీ పనికొస్తుంది.

పేరు ఒకటే, పని వేరు

ప్రోగ్రామింగ్‌లో ఒకే పేరుతో రెండు ఫంక్షన్లు ఉండొచ్చు. పిలిచే పేరు ఒకటే, లోపల కోడ్ వేరు. గవర్నర్ అనే మాట కూడా అలాంటిదే.

మన రాజ్యాంగం 155వ అధికరణం ప్రకారం గవర్నర్ని రాష్ట్రపతి నియమిస్తారు. మనం ఓటు వెయ్యం. ఆంధ్రప్రదేశ్‌కి 2023లో గవర్నరుగా వచ్చిన జస్టిస్ ఎస్. అబ్దుల్ నజీర్ సుప్రీం కోర్టు మాజీ న్యాయమూర్తి. ఆయన ఎక్కడా ప్రచారం చెయ్యలేదు, చెయ్యక్కర్లేదు కూడా. ప్రభుత్వం గవర్నరు పేరు మీద నడుస్తుంది. నడిపేది మాత్రం ముఖ్యమంత్రి, మంత్రులు.

ఈ ఏర్పాటులో చిక్కు ఎక్కడ వస్తుందో మా కృష్ణా జిల్లా వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పామర్రు దగ్గరి నిమ్మకూరులో పుట్టిన ఎన్టీఆర్ 1983లో ముఖ్యమంత్రి అయ్యారు. 1984లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని తిరిగి వచ్చిన రెండు రోజులకే, ఆగస్టు 16న, గవర్నర్ రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. జనం రోడ్ల మీదికొచ్చారు. ఆ గవర్నరు పోయి శంకర్‌దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. తాతయ్యకి ఆ నెల రోజులు ఇప్పటికీ తేదీలతో సహా గుర్తు. ఆయన దృష్టిలో గవర్నరు అంటే మనం ఎన్నుకోని మనిషి. అందుకే "గవర్నరుకి ఎలక్షనేంటి" అన్నారు.

అమెరికాలో గవర్నరు అంటే రాష్ట్రాన్ని నిజంగా నడిపే మనిషి. అధికారాలు చూస్తే మన ముఖ్యమంత్రికి దగ్గర. నేను తాతయ్యకి చెప్పిన మొదటి జవాబు కూడా అదే: "వాళ్ళ గవర్నర్ అంటే మన సీఎం తాతయ్యా." అందులో సగమే నిజం.

సీఎం కంటే సర్పంచికే దగ్గర

మనం ముఖ్యమంత్రికి ఓటు వెయ్యం. ఎమ్మెల్యేకి వేస్తాం. ఎక్కువమంది ఎమ్మెల్యేలు ఎవరి వెనక ఉంటే ఆయన ముఖ్యమంత్రి అవుతారు. వాళ్ళు జారిపోతే పదవి పోతుంది. 1984లో గొడవంతా ఆ లెక్క మీదే కదా.

అమెరికాలో గవర్నరుకి ఓటర్లు నేరుగా ఓటు వేస్తారు, శాసనసభ్యులకి విడిగా వేస్తారు. మన దగ్గర ఇలా జరిగేది ఒక్క చోట, పంచాయతీలో. చల్లపల్లిలో ఓటరు సర్పంచికి ఒక ఓటు, తన వార్డు మెంబరుకి ఇంకో ఓటు వేస్తాడు. సర్పంచి ఒక వర్గం, వార్డు మెంబర్లలో ఎక్కువమంది ఇంకో వర్గం అయిన ఊళ్ళు మనకి తెలియనివి కావు. అయినా సర్పంచి సర్పంచిగానే ఉంటాడు. పనులు మాత్రం మీటింగుల్లో నలుగుతాయి.

మేరీలాండ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 2015 నుంచి 2023 వరకు అక్కడ గవర్నర్ లారీ హోగన్, రిపబ్లికన్ పార్టీ. శాసనసభ మాత్రం డెమొక్రాట్లది. ఎనిమిదేళ్ళూ ఆయన పదవికి ఢోకా రాలేదు. కానీ ఆయన వీటో చేసిన బిల్లుల్ని సభ తిరిగి నెగ్గించుకోగలదు. అక్కడ రెండు సభల్లోనూ అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకుంటే వీటో చెల్లదు.

ఇలా చెప్పేసరికి తాతయ్య "ఓహో, రాష్ట్రానికి సర్పంచి అన్నమాట" అన్నారు. నేను రెండు పేజీలు నోట్స్ రాసుకున్నది ఆయన మూడు మాటల్లో తేల్చేశారు.

ఈసారి మేరీలాండ్‌లో

2026 నవంబరు 3న అమెరికాలోని 50 రాష్ట్రాల్లో 36 రాష్ట్రాలకి గవర్నర్ ఎన్నికలు. మేరీలాండ్ వాటిలో ఒకటి. పదవీకాలం నాలుగేళ్ళు. వరసగా రెండుసార్లకి మించి ఉండకూడదు. అందుకే 2022లో హోగన్ పోటీ చెయ్యలేదు. డెమొక్రాట్ వెస్ మూర్ గెలిచి, ఆ రాష్ట్రానికి తొలి నల్లజాతి గవర్నర్ అయ్యారు. ఇప్పుడు రెండోసారి బరిలోకి దిగుతున్నారు.

ఎన్నిక రెండు మెట్లలో జరుగుతుంది. ముందు జూన్‌లో ప్రైమరీ. అంటే ఏ పార్టీకి ఎవరు అభ్యర్థో తేల్చే ఎన్నిక. మన దగ్గర టికెట్ పార్టీ ఆఫీసులో తేలుతుంది. అక్కడ ఓటర్లు తేలుస్తారు. మేరీలాండ్‌లో ఆ పార్టీ పేరుతో నమోదైన ఓటర్లే తమ పార్టీ ప్రైమరీలో ఓటు వెయ్యాలి. ఆ తర్వాత నవంబరులో అసలు ఎన్నిక.

బ్యాలెట్ మీద గవర్నరు పేరు పక్కనే లెఫ్టినెంట్ గవర్నర్ పేరు ఉంటుంది. ఇద్దరూ ఒక జట్టు. ఒక్క ఓటుతో ఇద్దరూ గెలుస్తారు లేదా ఇద్దరూ ఓడతారు. గవర్నరు పదవి మధ్యలో ఖాళీ అయితే ఆ కుర్చీ లెఫ్టినెంట్ గవర్నర్‌దే. మన ఉపసర్పంచిని వార్డు మెంబర్లు తమలోంచి ఎన్నుకుంటారు కాబట్టి పోలిక ఇక్కడ కుదరదు.

ఆ రెండో పేరు మన వాళ్ళదే: అరుణా మిల్లర్. పుట్టింటి పేరు కాట్రగడ్డ. 1964లో హైదరాబాద్‌లో పుట్టారు. కుటుంబం మూలాలు గుడివాడ దగ్గరి వెంట్రప్రగడలో. తండ్రి ఐబీఎంలో ఇంజినీరు. ఆమె సివిల్ ఇంజినీరింగ్ చదివి, మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్ళు పనిచేశారు. 2010లో మేరీలాండ్ శాసనసభకి ఎన్నికయ్యారు. 2018లో అమెరికా కాంగ్రెస్‌కి పోటీ చేసి ప్రైమరీలోనే ఓడిపోయారు. 2022లో మూర్‌తో కలిసి గెలిచి, 2023 జనవరి 18న భగవద్గీత మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశారు. ఈసారి కూడా మూర్ జట్టులో ఆమే.

పక్క రాష్ట్రం వర్జీనియాలో రూల్స్ వేరు. అక్కడ లెఫ్టినెంట్ గవర్నరుకి విడిగా ఓటు వేస్తారు. గవర్నరు వరసగా రెండోసారి పోటీ చెయ్యడానికే లేదు. 2025 నవంబరులో అక్కడ లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన గజాలా హష్మీ కూడా హైదరాబాద్‌లోనే, 1964లోనే పుట్టారు. నది ఇవతల ఒకరు, అవతల ఒకరు.

గవర్నరు ఏం చెయ్యగలరు, ఏం చెయ్యలేరు

మన వాట్సాప్ గ్రూపుల్లో మన వాళ్ళెవరైనా అక్కడ గెలిస్తే "ఇంక వీసాలు ఈజీ" అని మెసేజీలు తిరుగుతాయి. అది తప్పు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం మొత్తం కేంద్రం పని, అంటే వాషింగ్టన్‌ది. ఏ రాష్ట్ర గవర్నరూ హెచ్-1బీ మీద సంతకం పెట్టరు.

గవర్నరు చేతిలో ఉండేవి వేరే: రాష్ట్ర బడ్జెట్, రాష్ట్ర యూనివర్సిటీలకి వెళ్ళే డబ్బు, రోడ్లు, డ్రైవింగ్ లైసెన్సులు ఇచ్చే శాఖ, రాష్ట్ర పన్నులు. అన్నిటికంటే ముఖ్యం, ఆపద వచ్చినప్పుడు ముందుకి రావడం.

2024 మార్చి 26 తెల్లవారుజామున బాల్టిమోర్ రేవులో 'డాలి' అనే సరుకు ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన కూలింది. దాని మీద రోడ్డు గుంతలు పూడుస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులే. తెల్లారేసరికి గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. వెతకడం, రేవు మూతపడి పని పోయినవాళ్ళకి సాయం, కేంద్రం నుంచి డబ్బు తేవడం, అన్నిటికీ జనం చూసింది ఆయన వైపే.

ఇది చెబుతుంటే తాతయ్య 1977 గుర్తు చేసుకున్నారు. ఆ నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచేసింది. వేలమంది పోయారు. "అప్పుడు మేము గవర్నరు ఎవరా అని చూడలేదురా. ముఖ్యమంత్రి ఎక్కడున్నాడు, కలెక్టరు ఎక్కడున్నాడు అని చూశాం" అన్నారు. ఒక పదవికి అసలు బరువు ఎంతో చెప్పే కొలత ఇదేనేమో. నీళ్ళు వచ్చినప్పుడు జనం ఎవరి కోసం చూస్తారు?

మరి ఓటు ఎవరిది?

ఇదంతా విన్నాక తాతయ్య తర్వాతి కాల్‌లో అక్కని సూటిగా అడిగారు. "అయితే ఎవరికేస్తున్నావమ్మా?"

"నాకు ఓటు లేదు తాతయ్యా."

వెళ్ళి తొమ్మిదేళ్ళు. జీతంలో కేంద్రం పన్నుతో పాటు మేరీలాండ్ రాష్ట్రం పన్ను, కౌంటీ పన్ను కూడా కట్ అవుతాయి. కానీ ఓటు పౌరులకే. ఆమెది హెచ్-1బీ. గ్రీన్‌కార్డు క్యూలో ఉంది. భారతదేశంలో పుట్టినవాళ్ళకి ఆ క్యూ ఏళ్ళ తరబడి సాగుతుంది. కార్డు వచ్చాక మామూలుగా ఇంకో అయిదేళ్ళకి పౌరసత్వానికి అప్లై చెయ్యొచ్చు. ఆ ఇంట్లో ముగ్గురు. ఓటు హక్కుకి దారి పుట్టుకతో ఉన్నది అక్కడే పుట్టిన నాలుగేళ్ళ పాపకి. వాళ్ళమ్మ కంటే ముందు ఆ పిల్లే ఓటు వేసినా ఆశ్చర్యం లేదు.

అరుణా మిల్లర్ కథలో నన్ను ఆపింది కూడా ఈ లెక్కే. ఆమె అమెరికా వెళ్ళింది 1972లో, ఏడేళ్ళ వయసులో. పౌరసత్వం వచ్చింది 2000లో. అంటే ఇరవై ఎనిమిదేళ్ళు. అక్కడే చదివి, అక్కడే ఉద్యోగం చేసి, ఓటు లేకుండా గడిపారు. ఓటు వచ్చిన పదేళ్ళకి శాసనసభలో కూర్చున్నారు.

మేరీలాండ్‌లోనే టకోమా పార్క్ అని ఒక చిన్న ఊరుంది. అక్కడ పౌరులు కానివాళ్ళు కూడా ఊరి ఎన్నికల్లో ఓటు వెయ్యొచ్చు, 1990ల నుంచీ. ఊళ్ళో ఉండేవాడికి ఊరి సంగతిలో మాట ఉండాలని వాళ్ళు అనుకున్నారు. కానీ అది మేయరు వరకే. గవర్నరుకి అక్కడైనా కుదరదు. అక్క ఉండేది ఆ ఊళ్ళోనూ కాదు.

"పోనీ ఇక్కడ వెయ్యి" అన్నారు తాతయ్య. వెయ్యొచ్చు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు 2011 నుంచి ఫారం 6ఏ నింపి సొంత ఊళ్ళో ఓటరుగా నమోదు కావచ్చు. కానీ ఓటు వెయ్యడానికి పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా చల్లపల్లి పోలింగ్ బూత్‌కి రావాలి. రానూపోనూ టికెట్లు, సెలవులు, వీసా స్టాంపింగ్ భయం. అక్క ఏమీ అనలేదు. పాపకి అన్నం పెట్టాలని ఫోన్ పెట్టేసింది.

నాకు పందొమ్మిది. 2024 ఎన్నికలప్పుడు పద్దెనిమిది నిండలేదు. మన పంచాయతీ ఎన్నికలు కిందటిసారి 2021 ఫిబ్రవరిలో జరిగాయి. ఆ అయిదేళ్ళ గడువు ఈ ఏడాదితో తీరుతుంది. అంటే నా మొదటి ఓటు బహుశా సర్పంచికే. ఆ తర్వాత నేనూ అక్క దారిలోనే వెళ్తే, రెండో ఓటు ఎప్పుడో నాకే తెలీదు.

వెళ్ళొద్దని రాయడం లేదు. నేనూ జీఆర్‌ఈ పుస్తకం కొన్నవాణ్ణే. వెళ్ళేముందు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలని అంతే. ఫీజు, లోను, వీసా గురించి సీనియర్లు చెబుతారు. ఓటు గురించి నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పటికైతే ఒక పని చేశాను. ఫారం 6 ఆన్‌లైన్‌లో నింపాను. పది నిమిషాలు పట్టింది. పద్దెనిమిది నిండినవాళ్ళకి ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. ఇంకా పేరు ఎక్కించుకోనివాళ్ళు హాస్టల్లో ఈ రాత్రే చూసుకోండి.

తాతయ్య మాత్రం నవంబరు 3 మీద క్యాలెండర్లో సున్నా చుట్టి పెట్టుకున్నారు. "వెంట్రప్రగడ వాళ్ళ పిల్ల కదరా, ఏమవుతుందో చూద్దాం" అంటున్నారు.