చిన్న ఫోను - గట్టి తాళం

కిందటి వేసవిలో ఒకనాటి ఉదయం, చేతిలో కాఫీ గ్లాసు వుండగానే ఫోను మోగింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో మా కాలేజీ మిత్రుని పేరు చెప్పి, "వాడు మా అప్పు ఎగవేశాడు. నువ్వు వాడి స్నేహితుడివేగా, నువ్వు కట్టు" అన్నాడు. ఆ తరువాత అన్న మాటలు నలుగురూ చదివే పత్రికలో రాయదగినవి కావు.

మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. అటువంటి పిలుపే ఆయన అత్తగారికి వెళ్లింది, కాబోయే వియ్యాలవారికీ వెళ్లింది. ఆయన తీసుకున్నది ఎనిమిదివేలు. ఫోనులో ఏదో అప్పుల ఆప్ పెట్టుకున్నప్పుడు "మీ ఫోనులోని పేర్లూ నంబర్లూ చూడవచ్చునా?" అని అది అడిగింది, ఈయన "సరే" నొక్కాడు. అంతే! ముప్ఫై ఏళ్లుగా కూడబెట్టుకున్న చుట్టరికాలు, స్నేహాలు ఒక్క వేలిముద్దరతో పరాయివాడి పాలైనాయి. పిల్ల పెళ్లిమాటలు అక్కడికక్కడే ఆగిపోయాయి.

ఇలాంటి ఆప్‌లు మన ఫోనులోని నంబర్ల జాబితా ముట్టుకోరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే కట్టుదిట్టం చేసింది. కాని శాసనం వున్నంత మాత్రాన దొంగ మానడు గదా! తలుపు గడియ వేసుకోవడం ఇంటివాడి పని.

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు వచ్చినప్పుడు ఈ గోడంతా వెళ్లబోసుకున్నాను. "మామయ్యా, మీ ఫోనును నడిపించే వ్యవస్థనే మార్చేసుకోవచ్చు" అన్నాడు వాడు.

ఫోనులో యంత్రభాగం ఇల్లయితే, ఆండ్రాయిడ్ వంటిది ఆ ఇంటి పెత్తనం. ఈ ఆండ్రాయిడ్ మూలపాఠం అందరికీ తెరిచిన పుస్తకమే. దాన్ని తీసుకుని, కట్టుదిట్టాలు చేర్చి తయారుచేసినదే గ్రాఫీన్ ఓఎస్. 2014లో మరో పేరుతో మొదలై, 2019 నుంచి ఈ పేరుతో నడుస్తున్నది. అందులో ఏ ఆప్ అయినా నంబర్లు అడిగితే, మనం ఎంచి ఇచ్చిన రెండు పేర్లే దానికి కనిపిస్తాయి. ఏదీ ఎంచకపోతే జాబితా ఖాళీ అనుకుని వూరుకుంటుంది. ఇంటర్నెట్ అక్కరలేని ఆప్‌కు ఆ దారే మూసివేయవచ్చు. గూగుల్ వారి సేవలు కావాలంటే పెట్టుకోవచ్చుగాని, అవి ఇంటి యజమానుల్లా కాక వచ్చిన చుట్టాల్లా వుండవలసిందే.

"అయితే ఏ ఫోను కొనాలిరా?" అన్నాను.

"గూగుల్ వారి పిక్సెల్" అన్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. "గూగుల్ కంటబడకుండా వుండడానికి గూగుల్ ఫోనే కొనాలా?"

నవ్వవలసిన మాటే. కాని కారణం వుంది. సొంత వ్యవస్థ ఎక్కించడానికి ఫోను మూలతాళం తెరవాలి. ఎక్కించాక మళ్లీ బిగించాలి. లేకుంటే ఫోను చేజిక్కించుకున్నవాడు లోపలి సరుకు మార్చవచ్చు. అలా తెరిచి, కొత్త వ్యవస్థతోనే మళ్లీ బిగించే సదుపాయం పిక్సెల్‌లో వుంది. లినేజి ఓఎస్ అనే మరో వ్యవస్థ ఎన్నో కంపెనీల పాత ఫోన్లకు ప్రాణం పోస్తుంది; కాని సాధారణంగా తాళం తెరిచే వుంచవలసి వస్తుంది.

ఇక నా షరతు ఒకటి: ఫోను చొక్కా జేబులో పట్టాలి. ఒక చేత్తో బస్సు కమ్మీ పట్టుకుంటే రెండో చేతి బొటనవేలు తెరంతా అందుకోవాలి.

మొదట మనసుపడింది పిక్సెల్ 4ఏ మీద. 2020లో వచ్చింది. బరువు 143 గ్రాములే. కాని దానికి కంపెనీ రక్షణ 2023 ఆగస్టుతో ముగిసింది. గ్రాఫీన్ వారూ వదిలేశారు. వ్యవస్థ రాసేవారు పైపై లోపాలు దిద్దగలరు. రేడియో వంటి లోపలి భాగాల లోపాలకు మందు కంపెనీవారే ఇవ్వాలి. పైగా దాని బ్యాటరీ విషయంలో 2025 జనవరిలో కంపెనీవారే ఛార్జింగును తగ్గించే మార్పు పంపవలసి వచ్చింది.

రెండవది 6ఏ. 2022లో వచ్చింది, 178 గ్రాములు. రక్షణ 2027 జూలై వరకే. దీనికీ కొన్ని బ్యాటరీలు వేడెక్కుతున్నాయని 2025లో అటువంటి మార్పే పంపారు.

మూడవది పిక్సెల్ 8. 2023 అక్టోబరులో వచ్చింది. ఏడేళ్ల రక్షణ, అంటే 2030 అక్టోబరు వరకు. బరువు 187 గ్రాములు. మా ఆవిడ కుట్టుమిషను టేపు తెచ్చి తీర్పు చెప్పింది: 4ఏ కంటే వెడల్పు మిల్లీమీటరున్నర కూడా ఎక్కువ లేదు, పొడవు ఆరున్నర మిల్లీమీటర్లు ఎక్కువ. 6ఏ కంటే కొంచెం పొట్టిదే! ఆ మాత్రానికి ఏడేళ్ల నిశ్చింత వదులుకుంటామా? పాతది, మంచి స్థితిలో వున్నది ఒకటి చూసి కొన్నాము.

కొనేవారికి నాలుగు మాటలు. దుకాణంలోనే ఇంటర్నెట్ కలిపి, సెట్టింగులలో బిల్డ్ నంబరును ఏడుసార్లు నొక్కండి. అప్పుడు వచ్చే డెవలపర్ ఆప్షన్లలో "ఓఈఎమ్ అన్‌లాకింగ్" తెరుచుకుంటేనే డబ్బివ్వండి. కొన్ని విదేశీ టెలిఫోను కంపెనీలు అమ్మిన ఫోన్లకు అది తెరుచుకోదు. *#06# నొక్కితే వచ్చే ఐఎమ్ఈఐ నంబరును ప్రభుత్వం వారి సంచార్ సాథీలో సరిచూస్తే దొంగ సొత్తు కాదని తెలుస్తుంది. తెర మీద నిలువు గీతలున్నాయేమో చూడండి. మీ సిమ్ము వేసి ఒకసారి మాట్లాడండి. తాళం తెరిస్తే ఫోనులో వున్నదంతా చెరిగిపోతుంది కనుక ఫొటోలు ముందే దాచుకోండి. కొన్ని బ్యాంకుల ఆప్‌లు ఈ వ్యవస్థలో మొండికేస్తాయి. మీ బ్యాంకు సంగతి ముందే విచారించండి.

కొనే స్తోమతు లేనివారు నిరాశపడనక్కరలేదు. ఇప్పుడున్న ఫోనులోనే సెట్టింగులకు వెళ్లి, మీ నంబర్లను చూసే అనుమతి ఏ ఆప్‌లకు వున్నదో పరికించి, అక్కరలేనివాటికి తీసివేయండి. పది నిమిషాల పని.

మా మిత్రుడు అప్పు తీర్చాడు. పోలీసులకూ ఫిర్యాదు చేశాడు. వియ్యాలవారు పెద్దమనసుతో మళ్లీ కబురు చేశారు, మాఘంలో పెళ్లయింది. కాని ఆ పెళ్లికి శుభలేఖలు పంచుతూ ఆయన నాతో అన్న మాట మరచిపోలేను: "మాష్టారూ, నా అప్పుకు నేను సిగ్గుపడలేదు. మీ అందరి పేర్లూ నా చేత్తో నేనే వాళ్లకి అప్పగించాను చూశారూ, అందుకు సిగ్గుపడ్డాను."

మన ఫోనులో వున్నవి మన గుట్లు మాత్రమే కావు. మనను నమ్మి నంబరిచ్చిన వాళ్లందరివీను.