కొత్త రైలులో తొలి ప్రయాణికులు

(ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం, మన హాస్టల్ పూర్వ విద్యార్థిని)



పోయిన ఏడాది మన హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి చెల్లి ఒకతె నన్ను ఒక ప్రశ్న అడిగింది. "అక్కా, రైలు అంత స్పీడుగా పోతుంటే గ్లాసులో నీళ్ళు ఒలకలేదంట, నిజమేనా? అసలు ఆ రైల్లో ఎవరు కూర్చున్నారు?" అప్పటికప్పుడు సరిగా చెప్పలేకపోయాను. సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడం అడిగారు కాబట్టి ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

ఆ చెల్లి చూసింది 2025 జనవరిలో వందే భారత్ స్లీపర్ రైలును పరీక్షించినప్పటి వీడియో. రాజస్థాన్‌లోని కోటా డివిజన్‌లో ఆ రైలును గంటకు 180 కిలోమీటర్ల వేగంతో నడిపారు. అంటే సెకనుకు 50 మీటర్లు. నీళ్ళు ఒలకని మాట నిజమే. కానీ దానికి కారణం వేగం తక్కువ కావడమో ఎక్కువ కావడమో కాదు. బోరింగు దగ్గర నుండి నిండు బకెట్టు మోసుకొచ్చేటప్పుడు చూడండి. నిదానంగానైనా, గబగబానైనా ఒకే తీరుగా నడిస్తే నీళ్ళు పెద్దగా ఒలకవు. కాలు తడబడితే ఒలుకుతాయి. వేగం మారినప్పుడు, కుదుపు తగిలినప్పుడే నీటికి తెలుస్తుంది. న్యూటన్ మొదటి నియమం అదే కదా.

అయితే గ్లాసు చూసి ఏ ఇంజనీరూ రైలును పాస్ చేయడు. అది మనలాంటి వాళ్ళకు చూపించడానికి. అసలు పని లక్నోలోని ఆర్.డి.ఎస్.ఓ. అనే రైల్వే పరిశోధన సంస్థది. 1957లో ఏర్పడిన ఈ సంస్థ ఇంజనీర్లు బోగీ నేల మీద, చక్రాల దగ్గర కుదుపును కొలిచే పరికరాలు బిగిస్తారు. పైకీ కిందికీ ఎంత ఊగుతోంది, పక్కలకు ఎంత ఊగుతోంది అన్నది కంప్యూటరులో నమోదవుతూ ఉంటుంది. దాని నుండి రైడ్ ఇండెక్స్ అనే అంకె కడతారు. అది తక్కువగా ఉంటే ప్రయాణం సుఖంగా ఉన్నట్టు. మన శరీరం అన్ని ఊపులనూ ఒకేలా బాధగా తీసుకోదు కాబట్టి ఏ ఊపు ఎంత ఇబ్బంది పెడుతుందో కూడా ఆ లెక్కలో చేరుస్తారు.

ఇక ఎవరు కూర్చున్నారంటే, ఇంజనీర్లు, సిబ్బంది తప్ప మనుషులెవరూ ఉండరు. ప్రయాణికులకు బదులు వాళ్ళ బరువుకు సరిపడా ఇసుక బస్తాలు పెడతారు. ఖాళీ రైలును ఒకసారి, బస్తాలు నింపిన రైలును ఒకసారి నడుపుతారు. ఎందుకంటే బరువు మారితే కింది స్ప్రింగుల తీరు మారుతుంది, బ్రేకు వేశాక ఆగే దూరమూ మారుతుంది. వేగాన్ని కూడా ఒక్కసారిగా పెంచరు. కొంత పెంచి, ఫలితం చూసుకుని, మళ్ళీ కొంత పెంచుతారు. చివరికి రైలు రోజూ నడవబోయే గరిష్ఠ వేగం దాటించి మరీ చూస్తారు.

నన్ను బాగా ఆలోచింపజేసింది బ్రేకు పరీక్ష. గతిజశక్తి వేగం వర్గంతో పెరుగుతుందని మనం సూత్రం బట్టీ పట్టాం. 60 నుండి 180కి వేగం మూడు రెట్లు పెరిగితే, బ్రేకులు మింగవలసిన శక్తి తొమ్మిది రెట్లు. పరీక్షలో రెండు మార్కులకు రాసిన ఆ సూత్రం ఇక్కడ వందల మంది ప్రాణం.

ఇంత చేసినా రైల్వే వాళ్ళు తమంతట తాము సరే అనుకుంటే చాలదు. రైల్వే భద్రతా కమిషనర్ పరిశీలించి సిఫారసు చేయాలి. ఆ కమిషనర్ల వ్యవస్థ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది! 1941లోనే దీన్ని రైల్వే బోర్డు నుండి విడదీశారు. మన పదో తరగతి పేపర్లు మన సార్లు దిద్దరు కదా, అలాగన్నమాట.

మొదటి వందే భారత్ సంగతే తీసుకోండి. అప్పుడు దాని పేరు ట్రైన్ 18. చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ నుండి 2018 అక్టోబరు 29న బయటికి వచ్చింది. మొరాదాబాదు-బరేలీ మధ్య, తర్వాత కోటా వైపు పరీక్షలు జరిగాయి. డిసెంబరులో 180 దాటింది. 2019 ఫిబ్రవరి 15న ఢిల్లీ నుండి వారణాసికి ప్రారంభమైంది. మర్నాడు తిరిగి వస్తూ టూండ్లా దగ్గర ఆగిపోయింది. పట్టాల మీదికి వచ్చిన పశువు తగిలి ఉంటుందని అప్పుడు రైల్వే వాళ్ళు చెప్పారు. ఇసుక బస్తాలు పెట్టగలం గాని పట్టాల మీదికి వచ్చే గేదెను ముందే రాసిపెట్టలేం.

ఇదంతా చదువుతుంటే నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన బెంగళూరులో తాపీ పనికి పోతాడు, ఎప్పుడూ జనరల్ బోగీయే. బస్తాలు కదలవు, తలుపు దగ్గర వేలాడవు, పాయఖానా ముందు ముడుచుకుని కూర్చోవు. సీట్లకు రెండింతల మంది ఎక్కే బోగీకి బరువు ఎలా లెక్క కట్టాలి? ముంబై లోకల్ రైళ్ళకైతే రైల్వే వాళ్ళు చదరపు మీటరుకు 14 నుండి 16 మంది నిలబడే రద్దీకి ఒక పేరే పెట్టుకున్నారు, సూపర్ డెన్స్ క్రష్ లోడ్ అని. ఆ మాట చదివి నాకు నవ్వు రాలేదు.

2023 డిసెంబరు 30న అమృత్ భారత్ అనే ఏసీ లేని రైళ్ళు మొదలయ్యాయి. మొదటి రైళ్ళలో 22 బోగీలకు 8 జనరల్, 12 స్లీపర్. ముందూ వెనకా రెండు ఇంజన్లు, రెండింటినీ ముందున్న లోకో పైలటే నడుపుతాడు. ఒకటి లాగుతుంటే ఇంకొకటి తోస్తుంది. బోగీల మధ్య సందు తగ్గించే కొత్త కలపడాలు కూడా పెట్టారు. అందువల్ల బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు పెట్టెకూ పెట్టెకూ పాకే కుదుపు తగ్గుతుంది. వాటిలో ఒకటి మాల్దా నుండి బెంగళూరుకు మన విజయవాడ మీదుగానే పోతుంది.

మా నాన్న ఒకసారి ఆ రైలు విజయవాడలో ఎక్కాడు. దిగాక ఫోన్ చేస్తే, ముందుగా కుదుపు సంగతే అడిగాను.

"బండి కదిలినట్టే తెలీలేదమ్మా," అన్నాడు. "ఫ్యాన్లు కూడా బాగున్నాయి. నెల్లూరు దాటేదాకా నిలబడే ఉన్నా."