అద్దె ఇల్లు కురిసినప్పుడు

పిల్లల చదువుల కోసమో, ఉద్యోగం కోసమో పల్లె విడిచి పట్నంలో అద్దెకుంటున్న కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. సొంత ఊళ్లో ఇల్లు కురిస్తే నిచ్చెన వేసుకుని మనమే పెంకులు సర్దుకుంటాం. అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఇంటివారిని అడగాలి. అడగడానికి మొహమాటం. ఖాళీ చేయమంటారేమోనని భయం. అలా ఊరుకున్న ఒక కుటుంబం సంగతి చూడండి.

జూన్ వానలకు వంటగది గోడ మీద అరచేయంత చెమ్మ కనబడింది. ఇల్లాలు భర్తకు చెప్పింది. "మొన్ననే అద్దె బాకీ తీర్చాం. ఇప్పుడు ఏ మొహంతో అడగను?" అన్నాడాయన. ఆగస్టు నాటికి చెమ్మ స్విచ్చిబోర్డు దాకా దిగింది. ఒక సాయంత్రం లైటు వేయబోయిన పెద్దపిల్లకు షాకు కొట్టింది. ప్రాణానికి ప్రమాదం తప్పింది. మర్నాడు ఇంటాయన వచ్చి చూసి, "జూన్‌లోనే చెబితే మేస్త్రీని పంపేవాణ్ణి కదమ్మా! ఇప్పుడు గోడంతా పాడైంది. సగం ఖర్చు మీరే పెట్టుకోవాలి" అన్నారు. మాటా మాటా పెరిగింది. ఇరువైపులా తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఇద్దరినీ కూర్చోబెట్టి, "కాగితంలో ఏం రాసుకున్నారు?" అని అడిగారు. అందులో అద్దె, అడ్వాన్సు తప్ప మరేమీ లేదు. చివరికి డాబా మరమ్మతు, వైరింగు ఇంటాయన చేయించారు. కొత్త స్విచ్చిబోర్డు వీరు కొనుక్కున్నారు.

ఎవరి వంతు ఏది?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, అద్దెకున్నవారు ఇంటిని తమకు అప్పగించిన స్థితిలోనే ఉంచాలి. వాడకం వల్ల వచ్చే సహజమైన అరుగుదలకు మాత్రం వారు బాధ్యులు కారు. యజమాని తాను చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన తర్వాత కూడా తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ఏది యజమాని చేయవలసినదో ముందుగా రాసుకోకపోతే తగవు అక్కడే మొదలవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2021లో రాష్ట్రాల కోసం ఒక నమూనా అద్దె చట్టం ఆమోదించింది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. కాని అందులోని జాబితా మన కాగితానికి మంచి ఆధారం. కట్టడపు మరమ్మతులు, సున్నాలు, రంగులు, నీటి పైపులు, వైరింగు యజమాని వంతు. కుళాయిలు, వాషర్లు, కాలువ శుభ్రం, స్విచ్చులు, తలుపు గడియలు, కిటికీ అద్దాలు అద్దెదారు వంతు.

ఏం చేయాలి?

ఇంట్లో దిగకముందే డాబా ఎక్కి చూడండి. కుళాయిలు తిప్పండి, స్విచ్చులు వేయండి. ఉన్న లోపాలు రెండు ప్రతులలో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి.

లోపం కనబడిన రోజే చెప్పండి. "బాబాయిగారూ, గోడకు చెమ్మ వచ్చింది, ఒకసారి వచ్చి చూడండి" అంటే తప్పుపట్టేవారు తక్కువ. తేదీ వేసి చీటీ కూడా ఇచ్చి, నకలు దాచుకోండి. సెల్‌ఫోనుతో ఫోటో తీయండి. యజమాని దూరాన ఉంటే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి.

తడిసిన స్విచ్చిబోర్డును ముట్టుకోవద్దు. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

కోపంతో అద్దె మాత్రం ఆపకండి. బాకీ పడితే మన న్యాయమైన మాట కూడా తేలికవుతుంది. మనమే పని చేయించాల్సి వస్తే ముందుగా రాతపూర్వకంగా తెలిపి, మేస్త్రీ అంచనా చూపించి, రసీదులు ఉంచుకోండి.

మాటలతో తెగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు.

ఇల్లు ఇచ్చినవారికి ఇల్లు నిలవాలి, ఉన్నవారికి నిశ్చింతగా నిద్ర పట్టాలి. చెమ్మ అరచేయంత ఉన్నప్పుడే చెబితే ఇద్దరికీ మేలు.